దూది మంచు కురిసిన సీమదేశం

పెళ్ళయి అనకాపల్లి వచ్చిన కొత్తలో మా అత్త నాతో నేరుగా మాట్లాడేది కాదు. అలాగని తిట్టేదనీ, రాచిరంపాన పెట్టేదనీ అనుకోకండి. వేళకి నా కంచంలో అన్నం పడేది. జ్వరం వస్తే మిరియాల కషాయం మంచం పక్కకి వచ్చేది. మాట మాత్రం వచ్చేది కాదు. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే పెరట్లో గేదెతో చెప్పేది.

"ఒలే, పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయని మీ అమ్మగారికి సెప్పు" అనేది. గేదె నెమరు ఆపకుండా నా వైపు చూసేది. నేను వెళ్ళి పాలు దించేదాన్ని. గేదె మేతకి వెళ్ళిన వేళల్లో ఆ మాటలు వసారా గుంజతో చెప్పేది. గుంజ కన్నా గేదే నయం, కనీసం తల తిప్పేది.

దీనికి కారణం ఉంది. అత్త తమ్ముడు సబ్బవరంలో ఉండేవాడు. ఆయన కూతుర్ని మా ఆయనకి చేసుకోవాలని ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారట. మా ఆయన పెరిగి పెద్దయి, హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరుగా చేరి, స్నేహితుడి పెళ్ళికని రోలుగుంట వైపు వచ్చి, అక్కడ నన్ను చూసి, చేసుకుంటే ఈ పిల్లనే అని పట్టుబట్టారు. దాంతో తమ్ముడు అక్క ఇంటికి రావడం మానేశాడు. అక్క తమ్ముడి గుమ్మం తొక్కడం మానేసింది. ఇందులో నేను చేసిందేమీ లేదని అత్తకీ తెలుసు. కాని కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. కొడుకు దగ్గర పెట్టుకోలేక నా దగ్గర పెట్టింది.

మా ఆయనకి దయ్యాల కథలంటే ప్రాణం. స్కూలు బీరువాలోంచి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని చదివేవారు. యుద్ధం అయిపోయినా కిరసనాయిలు ఇంకా కోటా మీదే ఇచ్చేవారు కాబట్టి, పొద్దుగూకాక కాసేపు దీపం వెలిగించకుండా వసారాలో కూర్చునేవాళ్ళం. ఆ కాసేపట్లో ఆయన చదివిన కథ నాకు తెలుగులో చెప్పేవారు. అత్త కాస్త దూరంలో గోడకి చేరబడి, వినడం లేదన్నట్టు జపమాల తిప్పుకునేది.

వాటిలో ఒక కథ నన్ను బాగా పట్టుకుంది. స్కాట్లండులో ఒక కొండ, దాని మీద కోట, చుట్టూ మంచు. ఆ కోట దొర కొత్తగా పెళ్ళి చేసుకుని దొరసానిని తెచ్చుకుంటాడు. దొర తల్లి అంతకుముందే చచ్చిపోయింది. చచ్చిపోయింది గాని ఇల్లు వదల్లేదు. కొత్త దొరసాని ఏ గదిలోకి వెళ్ళినా, ఆ గదిలోంచి ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు కుర్చీ ఇంకా ఊగుతూ ఉంటుంది. ఆ దయ్యం కోడలితో ఒక్క మాటా మాట్లాడదు. ఇది చెబుతున్నప్పుడు మా ఆయనకి ఏమీ తోచలేదు గాని, నాకు మాత్రం గోడ దగ్గర జపమాల ఆగినట్టు అనిపించింది.

ఆయన స్కాట్లండు అన్నప్పుడల్లా నాకు మా ఊరి కొండే కనిపించేది. నేను పుట్టింది రోలుగుంట దగ్గర, కొండని ఆనుకున్న పల్లెలో. చలికాలం పొద్దున్నే కొండ ఉండేది కాదు. మంచు తినేసేది. కట్టెలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఆ తెల్లదనంలోంచి ముందు గొంతులుగా వచ్చి, ఆ తరవాత మనుషులుగా వచ్చేవాళ్ళు. అందుకని మంచులో కోట కట్టుకోవడం నాకు కష్టం కాలేదు. మా కొండ మీద, చింతచెట్ల వెనక కట్టేసుకున్నాను. ఊగే కుర్చీని తలుచుకుంటే వెన్ను జలదరించేది.

"అది మీ కొండ మీద మంచు కాదే" అన్నారు ఒకసారి మా ఆయన. "అది పొగలా ఉండదు. గట్టిగా, తెల్లగా, ఆకాశంలోంచి రాలి పడి కుప్పలుగా ఉంటాది."

"మీరు సూసేరా?"

"సదివేను."

ఆయన మంచు ఆయన దగ్గరే ఉంచుకోమని, నా మంచులో నేను భయపడుతూ ఉండేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆ కథనే ఎవరో మద్రాసులో సినిమాగా తీశారు. సినిమా మా ఊళ్ళోకి వచ్చిందని చెప్పడానికి బొమ్మలు అతికించిన ఎడ్లబండి డప్పులతో మా వీధిలోకి వచ్చింది. బండి మీద నిలబడ్డవాడు గుండె దిటవు లేనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు ఈ ఆట చూడరాదని రేకు గొట్టంలోంచి అరిచాడు. మా ఆయన ఆ సాయంత్రం స్కూలు నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"మన కథే. ఆదివారం మాటినీకి ఎల్దాం" అన్నారు నాతో. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. నేను ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తుంటే గుమ్మం దగ్గర అత్త గుంజతో మాట్లాడడం వినిపించింది.

"ముసిలోలు సూడకూడదంటాడేటి? నన్ను బయపెట్టీసే దెయ్యం ఎక్కడున్నాదో నేనూ సూత్తాను. ఆదారం ముగ్గురం ఎల్తన్నామని సెప్పు."

గుంజ ఏమీ అనలేదు. మా ఆయనా ఏమీ అనలేదు.

అప్పట్లో మా ఊరి సినిమా హాలంటే పొడుగాటి రేకుల షెడ్డు. మధ్యలో తడిక. తడికకి ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. మా ఆయన అటు వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ వైపు బల్లలన్నీ నిండిపోతుంటే, గోడ వారన ఒక బల్ల చివర ఇద్దరికి చోటు దొరికింది. అత్తకి అటు పక్క గోడ, ఇటు పక్క నేను. ఆవిడకీ నాకూ మధ్య గేదె లేదు, గుంజ లేదు, కొడుకు లేడు. మేము అలా పక్కపక్కనే కూర్చోవడం అదే మొదలు. ఇద్దరం తెర వైపే చూస్తూ బిగుసుకుపోయాం.

ఆట మొదలయింది. రేకులకి ఉన్న చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా తెర మీద పడుతోంది. అందువల్ల కోటలో అర్ధరాత్రి అయినా అక్కడక్కడ ఎండ కాస్తూనే ఉంది. అది హాలు వాళ్ళ లోపం, సినిమా వాళ్ళని అనకూడదు. కాని తక్కినదంతా వాళ్ళదే.

కోట గుడ్డ మీద వేసిన బొమ్మ. గాలి వేసినప్పుడల్లా రాతిగోడ అలలు అలలుగా ఊగింది. దొర గుర్రపుబండిలో వచ్చాడు. బండి మన జట్కాయే, గూడు తీసేసి నల్లరంగు వేశారు. దొర మొహానికి బియ్యప్పిండి దట్టంగా పట్టించారు, మెడ దగ్గరికి వచ్చేసరికి పిండి అయిపోయినట్టుంది. అత్త ముందుకి వంగి చూసింది. యుద్ధం రోజుల్లో తెల్ల సోల్జర్లు లారీల్లో మా ఊరి మీదుగా పోతుంటే వీధిలో నిలబడి చూసిన మనిషి ఆవిడ. దొరలంటే ఎలా ఉంటారో ఆవిడకి తెలుసు.

తరవాత మంచు కురిసింది. కుప్పలుకుప్పలుగా కురిసింది. దొర బండి దిగి ఆ మంచులో బూట్లతో దర్జాగా నడుస్తుంటే, అతని కాళ్ళ దగ్గర మంచు మెల్లగా లేచి, మోకాళ్ళ దాకా వచ్చి, ఇంకా పైకి తేలి, ఒక పింజ వెళ్ళి అతని మీసానికి అంటుకుంది.

"మంచు పైకి పోతందేటి?" అంది అత్త.

గోడతో అందో నాతో అందో నాకు తెలియలేదు. ఊరుకున్నాను. మోచేత్తో నన్ను పొడిచింది.

"నిన్నేనే. మంచు పైకి పోతందేటి?"

ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"దూది, అత్తా. బూరుగు దూది. దొర నడుత్తంటే గాలికి లెగుత్తన్నాది."

అత్త కళ్ళు చికిలించి చూసింది. "అవునే. మన తలగడాల్లో దూదే." అంతలోనే, "పాడు సచ్చినోలు, ఇంత దూది నేలపాలు సేసేరు" అంది.

ఇక అక్కణ్ణించి ఆవిడ ఆగలేదు. అంత మంచులో దొరకి చెమటలు పోస్తున్నాయని నాకు చూపించింది. పిండి చారలు కట్టింది. దొర కోట గుమ్మం ముందు నిలబడి ఆకాశం వైపు చెయ్యి చూపిస్తే, అతని చేతి నీడ వెళ్ళి ఆకాశం మీద పడింది. "ఆకాశం గోడకి దగ్గిరే ఉన్నాది" అంది. దొరసాని పియానో ముందు కూర్చుని పాట మొదలెడితే హార్మోనియం మోగింది. స్కాట్లండులో కాకి అరిచింది. భోజనాల బల్ల దగ్గర దొర అన్నయ్యట, ఒకాయన చెంచా పట్టుకోవడం రాక, చివరికి ఆ చెంచాని ఎడంచేతిలోకి మార్చుకుని కుడిచేత్తో తినేశాడు. గోడ మీద దొర తాతగారి పటం పక్కనించి బల్లి "టిక్ టిక్" మంది. అత్త అలవాటు చొప్పున కూర్చున్న బల్లని వేలితో తట్టి "సత్యం, సత్యం" అంది. మా ముందు కూర్చున్న ఆవిడ కూడా తట్టింది. అది చూసి నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కకి చూస్తే అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకునే ఉంది.

మా ఆయన చెప్పిన కథలో నన్ను అంత భయపెట్టిన ఊగే కుర్చీ వచ్చింది. మన వరండాల్లో ఉండే పేముకుర్చీ. దాని కాలికి కట్టిన తాడు అందరికీ కనిపించింది. తడిక అవతలినించి ఎవరో మగాయన, "బావా, కొంచెం మెల్లిగా లాగు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులో మా ఆయన గొంతు మాత్రం లేదు. ఆయన గొంతు నాకు తెలుసు.

ఆ తరవాత దయ్యం వచ్చింది. తెల్లగౌను వేసుకున్న పెద్దావిడ, గౌను కింద కాలికి మట్టెలు. కొత్త దొరసాని ఆవిణ్ణి చూసి కెవ్వుమని అరిచి పడిపోయింది. నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. చచ్చిపోయిన అత్త, మాట్లాడని అత్త, ఇంట్లోకి వచ్చిన కోడలు. పక్కకి తిరగకుండా కూర్చున్నాను.

"పాపం, ఇల్లు ఆవిడిదే గదా" అంది మా అత్త. "కొడుకు సెప్పకుండా సేసీసుకుని తెచ్చీసుంటాడు." మళ్ళీ తనే అంది. "అలాగని పిల్లదాన్ని అలా అదరగొట్టీకూడదులే."

రీలు మార్చడానికి లైట్లు వేశారు, మళ్ళీ ఆర్పారు. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అప్పుడొచ్చిందా సీను. పట్టపగలు. దొరసాని ఒక్కతే కోట వెనక కిటికీ తీసి పెరట్లోకి చూస్తుంది. పెరట్లో ఒక నుయ్యి. రాతి వరలు, మధ్యలో అడ్డకర్ర, దానికి గిలక, గిలక మీద కొబ్బరి తాడు, చేద. స్కాట్లండులో అలాంటి నుయ్యి ఉంటుందా ఉండదా నాకు తెలీదు. ఏదో పల్లెటూరి సినిమాకి కట్టిన నుయ్యి స్టూడియోలో మిగిలిపోయి ఉంటుంది, కూలగొట్టడానికి బద్ధకించి కెమెరా అటు తిప్పేసి ఉంటారు. పాట లేదు, వయొలిన్లు లేవు. నూతి దగ్గర ఎవరూ లేరు. గిలక ఒక్కసారి కీచుమంది. ఆగింది. మళ్ళీ కీచుమంటూ తిరగడం మొదలెట్టింది. తాడు తనంతట తనే నూతిలోకి దిగింది. లోపల చేద నీళ్ళకి తగిలిన చప్పుడు వినిపించింది. తరవాత తాడు బిగిసింది. నిండిన చేద మెల్లిగా పైకి వచ్చి, వర మీద నిలిచింది. నీళ్ళు తొణికి, రాతి మీదనించి కారాయి.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నా మణికట్టు చుట్టూ ఏదో బిగుసుకుంది. చూస్తే అత్త చెయ్యి. చల్లగా ఉంది. నా చెయ్యి కూడా చల్లగానే ఉండి ఉంటుంది.

తరవాత కథ మళ్ళీ కోట లోపలికి వెళ్ళిపోయింది, గుడ్డగోడలు మళ్ళీ ఊగాయి, దూది మళ్ళీ ఎగిరింది, జనం మళ్ళీ నవ్వారు. అత్త మాత్రం ఆట అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

బయట ఎండలో మా ఆయన మా కోసం నిలబడి ఉన్నారు. మొహం వాడిపోయి ఉంది. "ఎలగున్నాది?" అన్నారు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఎవరు మొదలెట్టామో తెలీదు గాని, రోడ్డు మీద నిలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. కథని మద్రాసువాళ్ళు పాడు చేశారని బాధపడాలో, తల్లీ పెళ్ళామూ కలిసి నవ్వుతున్నారని సంతోషించాలో ఆయనకి తెలియలేదు.

"అసలు కథ అలగుండదమ్మా" అన్నారు దారి పొడుగునా. "అది స్కాట్లండు. ఆ సలి, ఆ రాళ్ళ కోట, ఆ గాలి..."

"ఉంటే ఉండనీరా. నీ దొర మీసంలో దూది నేను మరిసిపోలేను" అంది అత్త.

అసలు చిక్కు ఇంటికొచ్చాక వచ్చింది. సాయంత్రం నీళ్ళు తోడాలి. మా పెరట్లో నుయ్యి, దాని మీద గిలక. అన్నీ సినిమాలో ఉన్నట్టే. నేను బిందె పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. వెనకనించి అత్త గొంతు వినిపించింది.

"ఏటే, ఎల్లవేటి?"

"ఎల్తన్నాను, అత్తా."

ఎవరం కదల్లేదు.

"నువ్వు తోడు, నేను పక్కన నిలబడతాను" అంది చివరికి. "నీకు బయమేసీగలదు."

అలా నిలబడింది. మర్నాడు పొద్దున్న ఆవిడ తోడితే నేను నిలబడ్డాను. గిలకకి ఆముదం రాస్తే కీచుమనడం మానేస్తుందని మా ఆయన సలహా ఇచ్చారు. రాశాం. చప్పుడు లేకుండా తిరిగే గిలక ఇంకా భయంగా ఉంది. నీళ్ళకి ఇద్దరం కలిసి వెళ్ళడం అలవాటయిపోయింది. ఒకరు తోడుతుంటే ఒకరు మాట్లాడాలి, లేకపోతే ఆ నిశ్శబ్దం బాగుండేది కాదు. కాబట్టి మా అత్త మాట్లాడింది. గేదెకి ఇక కబుర్లు మోసే పని లేకపోయింది.

మా మాటలు విని పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చి నిలబడేది. ఆవిడ మిషను బళ్ళో టీచరు, చర్చికి వెళ్ళే మనిషి. అత్త ఆవిడకి మొత్తం సినిమా ఆడి చూపించింది. దొర నడక, దొరసాని మూర్ఛ, చెంచా, అన్నీ. టీచరమ్మ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

"దూదిని ఏటీ అనకు, అక్కా" అంది. "క్రిస్మస్‌కి మా గుళ్ళో పశువులపాక మీద మేమూ మంచు అని దూదే జల్లుతాం. మా పాస్టరమ్మ కూడా మంచు ఎప్పుడూ సూడనేదు."

"మీది దేవుడి పని, సెల్లుతాది" అంది అత్త.

ఆ తరవాత అదే హాల్లోకి పురాణం సినిమా వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. కైలాసంలో మంచు మళ్ళీ దూదే. శివుడు లేచి నాలుగడుగులు వేస్తే అదీ పైకి లేచింది. నేను అత్త వైపు చూశాను. ఆవిడ రెండు చేతులూ జోడించి కూర్చుంది. ఇంటికొచ్చాక మా ఆయన ఉండబట్టలేక అడిగారు.

"అమ్మా, అక్కడా దూదే గదా. నవ్వనేదేటి?"

"నోర్ముయ్యి. అది మనదిరా" అంది. నాకు మాత్రం ఆ జవాబులో ఏదో సబబు ఉన్నట్టే తోచింది.

సినిమా సంగతి ఎలా పాకిందో గాని సబ్బవరం దాకా వెళ్ళింది. అనకాపల్లి బెల్లం బజారుకి వచ్చిన ఎవరో, మీ అక్క దొర నడక నడిచి చూపిస్తోందట అని అత్త తమ్ముడికి చెప్పారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళకి ఆ సినిమా చూడాలని ఉంది గాని అప్పటికే ఆట ఎత్తేశారు. ఒక రోజు ఆ తమ్ముడు, ఎన్నాళ్ళకో, అక్కకి కబురు పెట్టాడు. కూతురికి సంబంధం కుదిరిందట, పప్పన్నానికి రమ్మని. కబురు తెచ్చిన మనిషి వెళ్ళబోతూ తల గోక్కుని, "ఆ సినిమా కద కూడా సెప్పాలంట" అన్నాడు.

అత్త చాలాసేపు వసారాలో కూర్చుంది. తరవాత లేచి వచ్చి, "నీ నీలం సీర కట్టుకో. నేనొక్కర్తినీ సెప్పలేను. దొరసాని పాట నీకే వత్తాది" అంది.

బొగ్గుతో నడిచే బస్సులో మేమిద్దరం వెళ్ళాం. అక్కడ గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది, మా ఆయనకి చేసుకోవాలనుకున్న పిల్ల. నేను ఎలా పలకరించాలో తెలీక తలొంచుకున్నాను. ఆ అమ్మాయి నా చేతిలో సంచీ అందుకుని, "అక్కా, దొర మీసానికి దూది అంటుకున్నాదంట, నిజమేనా?" అంది. నిజమేనన్నాను. ఆ మధ్యాహ్నం అత్త దొర అయింది, నేను దొరసానినయ్యాను. ఆ పిల్ల అడక్కుండానే దుప్పటి ఒకటి పట్టుకొచ్చి మా వెనక కోటగోడలా ఊపింది. అత్త తమ్ముడు గుమ్మం బయట కూర్చుని, చూడనట్టే చూసి, నవ్వనట్టే నవ్వాడు. నుయ్యి సంగతి మాత్రం మేమిద్దరం చెప్పలేదు. చెప్పొద్దని అనుకోలేదు కూడా.

తిరిగొచ్చేటప్పుడు ఎగువలో బస్సు లాగలేక ఆగిపోయింది. అందరూ దిగి నడవండి, పైన ఎక్కించుకుంటానన్నాడు కండక్టరు. జీడితోటల మధ్య రోడ్డు మీద అత్తా నేనూ వెనకపడి నడిచాం. తన చిన్నతనంలో తమ్ముడు ఎంత పెంకివాడో, ఒకసారి చెట్టెక్కి దిగలేక ఎలా ఏడిచాడో ఆవిడ చెబుతోంది. పైన బస్సు నిండిపోయింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు.

"ఉండు నాయనా" అంది అత్త, అడుగు వేగం పెంచకుండానే. "కోడలికి ఓ మాట సెప్తన్నాను."